కింది రేవుకు నడిచే దారి

మా ఊరికి రెండు రేవులుండేవి. గోదావరి మా ఊరి దగ్గర వంపు తిరుగుతుంది. వంపుకు ఎగువన పై రేవు, దిగువన కింది రేవు. రెంటికీ మధ్య దూరమెంత అంటే మా అవ్వ "ఒక పోకచెక్క నమిలినంత" అనేది. ఏ రేవున పడవ ఎక్కినా దిగేది ఆవలి ఒడ్డున ఉన్న ఒకే పట్నంలో. నది నడిమి దాకా కరీంనగర్ జిల్లా, అక్కణ్ణుంచి ఆదిలాబాద్ జిల్లా. నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడి ఆ జిల్లాలో ఉంది, అన్నం తినే ఇల్లు ఈ జిల్లాలో ఉంది. రోజుకు రెండుసార్లు జిల్లా మారేదాన్ని.

హైదరాబాదులో బి.ఏ. చదివి వచ్చిన ఆడమనిషి మా ఊళ్ళో నేనొక్కదాన్నే. కాబట్టి నాకు తెలియనిది లేదని ఊరు అనుకునేది. నేను కూడా అనుకునేదాన్ని. ఈ రేవుల సంగతి ఆ నమ్మకాన్ని కొంత తగ్గించింది.

రేవులను సర్కారు హర్రాజు వేసి మూడేళ్ళకోసారి గుత్తకిచ్చేది. పై రేవు గుత్తేదారుకు ఆవలి పట్నంలో బియ్యం గిర్నీ ఉండేది. పడవ నడిపే గడ ఎన్నడూ చేత పట్టినవాడు కాదు. ఒడ్డున గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కింది రేవు గుత్తేదారు ముసలాయన. గుత్త తనదే, పడవ తనదే, గడ వేసేదీ తనే. ఊరి వరసకు నాకు మామ అవుతాడు. కొడుకులిద్దరూ బొగ్గుబాయి పనికి పోయారు.

మనిషికి ఇంత, మేకకు ఇంత, బరువు మోసే ఎద్దుకు ఇంత అని రేటు సర్కారే బోర్డు మీద రాయించి రెండు రేవుల్లోనూ పాతించింది. పడవ ఎప్పుడు కదలాలన్నది మాత్రం ఏ బోర్డు మీదా లేదు. నిండాక కదలాలని పడవవాడికి ఉంటుంది. ఎక్కగానే కదలాలని మనకు ఉంటుంది. ఈ తగవు తీర్చింది మా చెప్పులే. పై రేవులో కాసేపు చూసి, చెప్పులు చేతపట్టుకుని ఇసుకలో కింది రేవు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, గొడుగు కింది నుంచి కేక వచ్చేది.

"ఓ పంతులమ్మా, యాడికి? కదిలిస్తున్న, రా!"

"ఇంక నలుగురు రావాలె అంటివి గద పటేలా?"

"రాకుంటె రాకపాయె. నువ్వెక్కు. నువ్వొక్కదానివి నలుగురి పెట్టు మాట్లాడుతవు, పడవ నిండినట్టే."

కింది రేవులోనూ ఇదే వరస. మామ కేకలు వేసే మనిషి కాదు. ఎవరైనా ఎగువకు మొఖం తిప్పితే తాడు విప్పడం మొదలుపెట్టేవాడు.

ఇంత చిన్న నడకకు గుత్తేదార్లు ఎందుకు భయపడాలి? ఒక మనిషి ఇచ్చే అణా కోసం కాదు. మా ఊళ్ళో రేవుకు డబ్బిచ్చి దాటేవాళ్ళు తక్కువ. వడ్రంగికీ కుమ్మరికీ కల్లంలో గింజలు కొలిచినట్టే పడవకు కూడా కొలిచేవాళ్ళు. దాన్ని మేర అంటాం. ఏడాదికోసారి ఇంటికి కుంచెడు వడ్లు ఇస్తే ఆ ఇంటిల్లిపాదీ ఏడాదంతా చేయి చాచకుండా దాటవచ్చు. ప్రతి ఇల్లూ ఏదో ఒక రేవు ఇల్లు. పై రేవు ఇంటివాళ్ళు కింది రేవుకు వెళ్ళినా అక్కడ ఎవరూ డబ్బు అడగరు. అడిగితే వచ్చే కల్లానికి ఆ ఇల్లు తమ వైపు ఎట్లా వస్తుంది? అంటే చెప్పులు చేతపట్టుకున్న మనిషి వెనక కుంచెడు వడ్లు కూడా నడిచిపోతున్నాయన్న మాట.

మాది పై రేవు ఇల్లుగా ఉండేది. ఒక ఎండాకాలం చివర మా అవ్వను పడవవాళ్ళు మిట్టమధ్యాహ్నం నిలబెట్టారు. అవ్వ అప్పుడేమీ అనలేదు. పంట నూర్చినప్పుడు మా మేర కింది రేవుకు కొలిపించింది. గుత్తేదారు స్వయంగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, ఏం తప్పు చేసినం?"

"తప్పేంది తమ్మీ? నిలవడ్డ కాళ్ళు నావి, గింజలు నావి. నా కాళ్ళు చెప్పినట్టు నా గింజలు పోయినయ్."

ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత పై రేవులో ముసలివాళ్ళకు కూర్చోవడానికి ఒక మొద్దు వేశారు. హైదరాబాదులో అర్థశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు ఏడాది పొడుగునా చెప్పింది ఆ మొద్దు మీద కూర్చుంటే ఒక్క పూటలో బోధపడేది.

అయితే మేర సర్కారు కాగితంలో లేదు. బోర్డు రేటు తప్ప గుత్తేదారు ఇంకేదీ వసూలు చేయకూడదని గుత్త షరతు. ఈ షరతు అందరికీ తెలుసు, సర్కారు తరఫున లెక్కలు తనిఖీ చేసే మా గిర్దావరుకు కూడా. ఆయనది కూడా మేర ఇచ్చే ఇల్లే.

నా వెంట మా ఊరి ఆడపిల్లలు అయిదుగురు బడికి వచ్చేవాళ్ళు. నాలుగిళ్ళవాళ్ళు అడగ్గానే పంపారు. అయిదో పిల్ల బీడీలు చేసే ఒక విధవరాలి పెద్ద కూతురు. తల్లికి సమ్మతమే, ఇల్లు నడిపే మేనమామ మాత్రం నా ముందు నిలబడి ఒక మాట తీసుకున్నాడు.

"పంతులమ్మా, నేను సదువుకు అడ్డం రాను. దీపం ముట్టిచ్చే యాళ్ళకు పిల్ల ఇంట్ల ఉండాలె. వానకాలం అంటవా, అది దేవుని పని, నేను రేవు కాడికి లాంతరు పట్టుకొని వస్త. వానలు పోయినంక దీపం ముట్టిచ్చిన తర్వాత పిల్ల గడప తొక్కితె, అదే ఆఖరి దినం."

"ఒక్క దినానికే?"

"మూడు దినాలు. నాలుగోది లేదు."

నేను వాదించి సంపాదించింది ఆ మూడు రోజులు. పిల్ల అప్పుడు అయిదో తరగతి. ఏడో తరగతి పరీక్ష గట్టెక్కితే ట్రెయినింగుకు పంపించి టీచరును చేయవచ్చని నా లెక్క. సాయంత్రం బడి విడిచాక పడవ ఎప్పుడు కదులుతుందన్న దాని మీద ఆ లెక్కంతా ఆధారపడి ఉంది. రెండు రేవులు ఆవలి ఒడ్డున కూడా రెండు రేవులే కాబట్టి, సాయంత్రాలు కూడా నా చెప్పులు పనిచేశాయి. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

అట్లా ఉండగా రేవులు రెండూ కలిసిపోతున్నాయన్న మాట వచ్చింది. ఆ మాట నాకు మామే చెప్పాడు, పడవ నడుపుతూ, నా మొఖం చూడకుండా.

"బిడ్డా, నాతోని అయితలేదు. మోకాళ్ళు పట్టుకపోతున్నయ్. పటేల్ రెండు గుత్తలు ఒక్కటి చేద్దామంటుండు. బండ్లు ఎక్కే పెద్ద పడవ చేయిస్తడట. నాకు అండ్ల నౌకరీ ఇస్తడట."

"నీ రేవు?"

"ఒక్క పడవకు రెండు రేవులెందుకు?"

"మామా, నువ్వు అమ్ముతున్నది పడవ కాదు. మేం నడిచిపోయే దారి అమ్ముతున్నవు."

"దారి నాది కాదు బిడ్డా, గంగమ్మది. పడవే నాది. అది కారుతున్నది."

నాకు కోపం వచ్చింది.

గుత్తలు కలపాలంటే తహసీలు మంజూరీ కావాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. మా తాలూకాకు కోస్తా నుంచి కొత్త తహసీల్దారు వచ్చాడు. చిన్న వయసు. లంచం తీసుకోడని పేరు. దానితో ఊరు మొత్తం పరేషానైంది, అటువంటి వాడితో ఎట్లా మాట్లాడాలో ఎవరికీ తెలియదు కదా. ఆయన వచ్చి చావడిలో కూర్చున్నాడు. ముందు నది పటం పరిచి, కొలబద్ద పెట్టి, రెండు రేవుల మధ్య దూరం రాసుకున్నాడు. తరువాత ఊరిని ఒక ప్రశ్న అడిగాడు.

"పై రేవులో రేటు ఒక అణా పెంచారనుకోండి. మీరు అక్కడే ఎక్కుతారా, కింది రేవుకు వెళ్తారా?"

మా వాడకట్టు రైతు ఒకాయన లేచాడు.

"ఎవలు పెంచిండ్రు సార్?"

"ఎవరూ పెంచలేదండీ. పెంచారనుకోమంటున్నాను."

"బోర్డు మీద సర్కారే రాసె గద. ఎట్ల పెంచుతరు?"

"ఊరికే అనుకోండి."

"గట్ల అనుకోవద్దు సార్. మనం అనుకుంటున్నమని ఇంటె రేపు నిజంగనే పెంచుతరు."

చావడి నవ్వింది. పై రేవు గుత్తేదారు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. తహసీల్దారు నవ్వకుండా ఏదో రాసుకున్నాడు. ఆ ప్రశ్న తప్పు ప్రశ్న కాదని నాకు తెలుసు. ఒక గుత్తేదారు రేటు ఎత్తితే జనం ఇంకో గుత్తేదారు దగ్గరికి పోతారా, పోతే రెండు రేవులూ ఒకదానికొకటి కళ్ళెం అన్నట్టు. పోకపోతే కలిపినా నష్టం లేదు. కానీ ఆయన కళ్ళెం కోసం వెతుకుతున్న చోటు తప్పు. రేటు ఎవరి చేతిలోనూ లేదు. కళ్ళెం మేరలో ఉంది.

ఆ తరువాతి ప్రశ్నే అసలు ప్రశ్న. "బోర్డు రేటు కాక గుత్తేదార్లకు మీరు ఇంకేమైనా ఇస్తున్నారా? గింజలు గానీ, మరొకటి గానీ?"

మామ నేల చూస్తూ కూర్చున్నాడు. ఇస్తున్నాం అంటే షరతు తప్పినందుకు ముసలాయన గుత్త పోతుంది, మా ఉచిత ప్రయాణం పోతుంది. ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కోలేదు.

"ఏమియ్యం సార్," అన్నాడు రైతు.

"ఏమియ్యం," అన్నారు ఇంకొందరు.

"మేమెందుకిస్తం?" అంది మా అవ్వ, ఆడవాళ్ళ వైపు నుంచి. "సర్కారు బోర్డు లేదా?"

తహసీల్దారు వాంగ్మూలం రాసి అందరిచేతా వేలిముద్రలు వేయించాడు. మా అవ్వ కూడా వేసింది. కాగితం నా దగ్గరికి వచ్చింది. అవ్వ నన్ను చూసింది, మామ చూడలేదు. నేను సంతకం చేశాను, ఇంగ్లీషులో, కింద గీత కూడా గీసి. వేలిముద్ర వేసినవాళ్ళకు చదువు రాదు. వాళ్ళు ఏం ఒప్పుకుంటున్నారో వాళ్ళకు తెలియదని ఎవరైనా అనవచ్చు. నాకు ఆ సాకు లేదు.

మర్నాడు పొద్దున తహసీల్దారు ఆవలి ఒడ్డు చూడడానికి మామ పడవలోనే ఎక్కాడు. పడవలో నేనూ పిల్లలూ ఉన్నాం. కాసేపు నీళ్ళు చూసి నా వైపు తిరిగాడు.

"టీచరుగారూ, మీకేదో అభ్యంతరం ఉన్నట్టుంది. నిన్న చెప్పలేదే?"

"నిన్న మీరు అడిగింది ఇచ్చేదాని గురించి సార్. నా అభ్యంతరం నిలబడేదాని గురించి."

"అంటే?"

"కలిసిన తర్వాత మీ గుత్తేదారు రేటు పెంచడు. పడవ కదిలించడు, అంతే. రెండు గంటలు నిలబెడితే రెండణాలు పెంచినట్టు కాదా?"

"నిలబెడతాడని మీకెలా తెలుసు?"

"ఇప్పుడు నిలబెట్టకపోవడానికి కారణం ఇంకో రేవు ఉండడమే కాబట్టి."

"అది మీ ఊహండీ," అన్నాడాయన మర్యాదగా. "మీరు రెండు గంటలంటారు, ఆయన పది నిమిషాలంటాడు. నేనేం రాయను? కలిస్తే పెద్ద పడవ వస్తుంది, బండ్లు దాటతాయి. అది కంటికి కనిపించే లాభం. మీరు చెప్పే నష్టం కనిపించదు."

ఊహ అన్న మాట నాకు బాగా తగిలింది. మేర సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా మామ గడ వేస్తున్నాడు, మోకాలు వంగక ఒక కాలు పక్కకు ఈడుస్తూ. నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి ఇది గుర్తుంది.

తహసీల్దారు వెనక్కి తిరిగి మా ఒడ్డును చూస్తున్నాడు. రెండు రేవుల మధ్య ఒక వాగు వచ్చి గోదావరిలో కలుస్తుంది. అప్పుడది ఎండి ఉంది.

"ఆ వాగు వానాకాలంలో ఎలా ఉంటుంది?"

"నిండుతుంది. గోదావరి నీళ్ళు వెనక్కి తన్ని నడుం లోతు వస్తాయి."

"అప్పుడు ఆ రేవు నుంచి ఈ రేవుకు నడవడం?"

"కుదరదు."

"అప్పుడు పడవ ఎంతసేపటికి కదులుతుంది?"

"నిండేదాకా కదలదు, నిలబడీ నిలబడీ కాళ్ళు..." అని ఆగిపోయాను. ఆయన కూడా ఆగి నన్ను చూశాడు. నా వాదనకు రుజువు నా నోట్లోనే ఉంది. దాన్ని బయటికి తీసింది మాత్రం ఆయన.

"రాసిపెట్టి ఉందా ఎక్కడైనా?" అన్నాడు.

జవాబు చెప్పింది నేను కాదు, బీడీలామె కూతురు. "పంతులమ్మా, మన హాజరు పట్టీల ఉంటది గద. వానకాలంల మా పేర్ల మీద అన్ని ఎర్ర గీతలే గీస్తివి. నేను ఏడిస్తె గుడ ఇనకపోతివి."

నిజమే. ఆలస్యంగా వచ్చిన పిల్లకు ఎర్ర సిరాతో గీత గీయడం మా బడి పద్ధతి. నాతోపాటే వచ్చిన పిల్లలకు నేనే గీతలు గీశాను. అప్పట్లో అది నా నిజాయితీ అనుకున్నాను.

ఆ రోజు తహసీల్దారు మా బడి బెంచీ మీద కూర్చుని రెండేళ్ళ హాజరు పట్టీలు తిరగేశాడు. మధ్యలో పై రేవు గుత్తేదారును పిలిపించాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు.

"వానల ఆలస్యం వానది సార్. నీళ్ళు మోపుగ ఉంటె పడవ పైలంగ నడువాలె. దానికి ఒక్క రేవైతేంది, రెండు రేవులైతేంది?"

నేను గొంతు సవరించుకున్నాను. తహసీల్దారు చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. అన్నేళ్ళలో నన్నట్లా ఆపినవాడు ఇంకొకడు లేడు. పట్టీలో ఒక చోట వేలు పెట్టి, "కార్తీకంలో ఈ నాలుగు రోజులూ గీతలున్నాయే?" అన్నాడు.

అది నేనే మరిచిపోయాను. ఆ కార్తీకంలో ఎగువన చెరువు కట్ట తెగి వాగు నాలుగు రోజులు నిండుగా పారింది. గోదావరిలో నీళ్ళు మామూలే, గాలి లేదు, వాన లేదు. వాగొక్కటే నిండింది, మేం నడిచిపోయే దారి ఒక్కటే తెగింది. ఆ నాలుగు పొద్దులూ పై రేవు పడవ నిండేదాకా కదలలేదు.

గుత్తేదారు పట్టీని చూసి, నన్ను చూసి, "పంతులమ్మ గీతలు గూడ గీస్తదని నాకెరుక లేదు సార్," అన్నాడు.

నేను ఇక మంజూరీ ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. హుకుం వచ్చాక తహసీలుకు పోయి పోట్లాడాను. ఆయన కుర్చీ చూపించి, నేను కూర్చోకపోయినా, ఓపికగా చెప్పాడు.

"నేను వద్దంటే ముసలాయన పడవ మళ్ళీ కొత్తదవుతుందా? ఆయన ఎలాగూ మానేస్తాడు. అప్పుడు పెద్ద పడవా ఉండదు, రెండో రేవూ ఉండదు. అందుకని షరతు పెట్టాను. పొద్దున బడికి ఒకటి, సాయంత్రం బడి విడిచాక ఒకటి. నిండినా నిండకపోయినా కదలాలి. తప్పితే గుత్త రద్దు."

"షరతు కాగితం మీద ఉంటుంది సార్. రేవు నీళ్ళ మీద ఉంటుంది."

"నా చేతిలో ఉన్నది కాగితమే కదండీ," అన్నాడు.

మంచి మనిషి. ఇప్పటికీ ఆయన చేసింది పూర్తిగా తప్పని అనలేను. పూర్తిగా తప్పని అనగలిగితే ఇదంతా రాయడం ఇంకా తేలికయ్యేది.

పెద్ద పడవ వచ్చింది. రెండు పడవలు జత కట్టి మీద పలకలు పరిచారు. బండ్లు ఎక్కాయి, ఎడ్లు బెదిరాయి, తరువాత అలవాటు పడ్డాయి. మామ దాని మీద కూలికి గడ వేసేవాడు. అతని పాత పడవను కింది రేవు ఒడ్డున బోర్లించారు. సాయంత్రం బడి పడవ, దానికి ఆ పేరే వచ్చింది, ఠంచనుగా కదిలేది. ఒక్కోరోజు అంత పెద్ద పడవలో నేనూ అయిదుగురు పిల్లలూ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. గుత్తేదారు ఒడ్డున నిలబడి ఖాళీ పలకలు చూసి నాలుక చప్పరించేవాడు.

బీడీలామె ఇంటి ముందు మేనమామ అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. పిల్ల గడప దాటాకనే పుల్ల గీసేవాడు. రెండేళ్ళూ అట్లాగే గడిచాయి. మూడు రోజుల్లో ఒక్కటి కూడా ఖర్చు కాలేదు. పిల్ల ఏడో తరగతి పాసయింది, తరువాత కరీంనగర్‌లో ట్రెయినింగుకు పోయింది. నేను గెలిచానని ఊరంతా చెప్పుకుంది. నేను కూడా అక్కడక్కడ చెప్పుకున్నాను.

రేవులు కలిసిన మొదటి పంటకే మేరకు వచ్చినవాళ్ళు కుంచెడు కాదు, రెండు కుంచాలన్నారు. అవ్వ కల్లంలో నడుం మీద చేయి పెట్టి నిలబడింది.

"ఎవలిని అడిగి పెంచినవు తమ్మీ?"

"పడవ పెద్దగైంది గదక్కా. ఇష్టం లేకుంటె మేర ఇయ్యకు. బోర్డు రేటు ఇచ్చుకుంట దాటు."

"నేను తాసిల్దారు కాడికి పోత."

"పోయి ఏమని చెప్తవు?" గుత్తేదారు గొంతు పెంచలేదు. "మేమేమియ్యమని ఏలుముద్ర ఏసిండ్రు గద. లేని మేర ఎట్ల పెంచిండు అంటడు సార్. పంతులమ్మ ఉన్నది గద, ఆమెనడుగు. ఆమె దస్తకత్ గూడ ఉన్నదండ్ల."

అవ్వ నన్ను చూసింది. నేను ఆ రోజు చావడిలో ముసలాయన కోసం అబద్ధమాడాననుకున్నాను. ముసలాయన ఇప్పుడు గుత్తేదారు వెనక గోతం పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ రెండు కుంచాలూ కొలిపించింది. తన గింజలను ఇంకెక్కడికీ పంపే చోటు లేదు. అవ్వ ఆ పూట నాతో మాట్లాడలేదు, మర్నాడు మామూలుగానే మాట్లాడింది, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిడితే బాగుండేది.

మూడేళ్ళ గుత్త తీరింది. కొత్త హర్రాజులో కింది రేవును ఎవరూ పాడలేదు. పడవ లేని రేవును ఎవరు పాడతారు? పై రేవు మళ్ళీ ఆయనకే పోయింది. తహసీల్దారుకు బదిలీ అయింది. కొత్తాయనకు మా రేవు ఒక రేవు మాత్రమే. పెద్ద పడవ సాయంత్రం మళ్ళీ నిండేదాకా ఆగడం మొదలుపెట్టింది. నేను పాత హుకుం నకలు తీసుకుపోయి చూపించాను. గుత్తేదారు దాన్ని రెండు చేతులా మర్యాదగా అందుకుని, చదివి, మడిచి ఇచ్చాడు.

"గిది పాత గుత్త కాయిదం పంతులమ్మా. కొత్త గుత్తల గీ మాట లేదు."

తహసీలులో కూడా అదే చెప్పారు. షరతు గుత్తకు పెట్టింది, రేవుకు కాదట.

బీడీలామె చిన్న కూతురు అప్పటికి, అక్కకు పెట్టిన ఆ మూడు రోజుల షరతు మీదే, అయిదో తరగతికి నా వెంట వస్తోంది. ఆ చలికాలంలో ఒకే నెలలో మూడు రోజులు ఖర్చయిపోయాయి. నాలుగో రోజు మేం వాడకట్టులోకి వచ్చేసరికి అరుగు మీద దీపం వెలుగుతోంది. మేనమామ పక్కనే నిలబడి ఉన్నాడు. అరవలేదు.

"తప్పు పడవది, పిల్లది కాదు," అన్నాను.

"నాకెరుక పంతులమ్మా. తప్పు పడవదైతె చీకట్ల పడేది పిల్ల గద? పెద్దదానికి మాట నిలుపుకున్నవు. దీనికి నిలుపుకోలేకపోతివి. నేనేం చెయ్యాలె?"

నేను ఎంతో వాదించాను. ఆయన విన్నాడు. వాదన అయిపోయాక పిల్ల చేతిలోంచి పలక తీసుకుని లోపల గూట్లో పెట్టాడు. మర్నాడు నేను ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. తల ఎత్తి నవ్వింది. అచ్చం అక్క నవ్వే.

ఆ పొద్దున పై రేవులో పడవ సగం కూడా నిండలేదు. నేను చాలాసేపు నిలబడ్డాను. తరువాత చెప్పులు విడిచి చేతపట్టుకున్నాను, ఇసుకలో కింది రేవు వైపు నడిచాను. నాలుగడుగులు, అయిదు, పది. వాగు దాటాక దారి కనిపించలేదు. తుమ్మ మొలకలు కమ్ముకుని ఉన్నాయి, వాటి వెనక బోర్లించిన పడవ అడుగు ఎండకు పగిలి ఉంది. ఆగి వెనక్కి తిరిగాను. గుత్తేదారు గొడుగు కింద కూర్చుని పోకలు కత్తిరించుకుంటున్నాడు. నన్ను చూశాడు. మామ పడవ మీద నుంచి నన్ను చూసి, మొఖం నీళ్ళ వైపు తిప్పుకున్నాడు.

ఎవరూ పిలవలేదు. నేను తిరిగి వచ్చి, కాళ్ళ ఇసుక దులుపుకుని, చెప్పులు తొడుక్కుని, మొద్దు మీద కూర్చున్నాను.